పొద్దున్న ఆరింటి అన్నం

విశాఖపట్నం వెళ్ళొచ్చినవాళ్ళు ముందు సముద్రం గురించి చెబుతారు, తర్వాత సింహాచలం కొండ గురించి. నన్నడిగితే రెండింటి గురించీ పెద్దగా చెప్పలేను. నాలుగు రోజులున్నాను. నాలుగు రోజులూ తోపుడు బళ్ళ ముందు నిలబడి తిన్నాను. తెనాలిలో మా బట్టల కొట్టు గుమాస్తాలు, "సెలవు పెట్టి తినడానికి వెళ్ళావా?" అని నవ్వారు. నవ్వనీ. నేను వెళ్ళింది తినడానికి కాదు, మా చెల్లెల్ని తీసుకురావడానికి.

చెల్లెలి పేరు రత్నం. పెళ్ళయి తొమ్మిదేళ్ళు. మా బావ రామ్మూర్తికి అక్కడి హార్బరులో, ఓడల్లోకి ఇనుప ఖనిజం ఎత్తే చోట ఉద్యోగం. కిందటేడు కామెర్లు వచ్చి పోయాడు. పిల్లల్లేరు. కార్యక్రమాలయ్యాక మా దగ్గరికి వచ్చెయ్యమన్నాం. "కొన్నాళ్ళు చూస్తాను" అంది. చూసి చూసి చివరికి ఉత్తరం రాసింది, హార్బరు గేటు దగ్గర టిఫిన్ బండి పెట్టుకుంటాను, ఒకసారి వచ్చి చూడు అని. నాకు ఒళ్ళు మండింది. నలుగురికీ చీరలు చూపించి గౌరవంగా బతికిన ఇంటి పిల్ల, రోడ్డు మీద గరిటె పట్టుకోవడమేమిటి? మా ఇంట్లో వెనక గది ఖాళీ. మా ఆవిడ దానికి సున్నం కూడా వేయించింది.

బెజవాడ పొట్లం

ప్రయాణంలో నాకో దురలవాటుంది. ఇంటి నుంచి ఏమీ కట్టుకెళ్ళను, దారిలో కొనుక్కోవచ్చు అంటాను. బెజవాడలో పులిహోర పొట్లం కొన్నాను. రైలు కదిలాక విప్పితే పులుపు వాసన కాదు, పులిసిన వాసన. పొట్లం కృష్ణార్పణం చేద్దామంటే, కృష్ణ బెజవాడకి ముందే దాటేశాం. కిటికీలోంచి చీకట్లోకి విసిరి, కాళ్ళు ముడుచుకుని కూర్చున్నాను. ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు అంటారు. ఆ రాత్రి నాకు ఆకలి నిద్రనే ఎరగనివ్వలేదు.

తెల్లవారేసరికి విశాఖపట్నం. దిగగానే ఆదివారం రాత్రి బండికి రెండు టికెట్లు తీసుకుని చొక్కా జేబులో పెట్టుకున్నాను. ఆ రోజు గురువారం. రత్నం స్టేషను బయట రిక్షా దగ్గర నిలబడి ఉంది. చిక్కిపోయింది. ఇంటికి కాకుండా తిన్నగా హార్బరు వైపు పోనిమ్మంది.

గురువారం: గేటు ముందు ఆరు బళ్ళు

వన్ టౌన్ సందులు దాటి గేటు దగ్గరికి చేరేసరికి ఆరు గంటల కూత కూసింది. లోపలి నుంచి మనుషులు ఎర్రగా వచ్చారు. నిజంగానే ఎర్రగా. ఖనిజం దుమ్ము జుట్టుకి, చెవులకి, కనురెప్పలకి పట్టి ఉంది. రాత్రి డ్యూటీ దిగినవాళ్ళట. గోడ వెంట ఆరు బళ్ళు వరసగా పొగలు కక్కుతున్నాయి. ఇడ్లీ, పూరీ, పెసరట్టు, ఉప్మా, బజ్జీ, టీ.

మొదటి బండి పైడమ్మది. అరవై దాటిన మనిషి, ముక్కుకి రెండు పక్కలా ముక్కుపుడకలు. అక్కడ తనే పెద్ద. నేను ఇడ్లీ వంక చూసి, "అన్నం దొరకదా అమ్మా?" అన్నాను. రాత్రంతా పస్తున్నవాడికి ఇడ్లీ ఏ మూలకి?

వరసంతా నవ్వింది.

"ఇంత పొద్దుటే అన్నవేటి బావా?" అన్నాడు బజ్జీల అప్పలరాజు. "రేత్రి భోజనం ఇప్పుడు సేత్తావేటి?"

మా ఊళ్ళో ముక్కూ మొహం తెలియనివాడు బావా అంటే చొక్కా పట్టుకుంటాం. ఇక్కడ రిక్షావాడు బావా అన్నాడు, టీ పోసేవాడు బావా అన్నాడు. నన్ను అలా పిలిచే హక్కున్న మనిషి పోయి ఏడాదైంది. వాళ్ళకేం తెలుసు, నోటి అలవాటు. అయినా పిలిచిన ప్రతిసారీ వెనక్కి తిరిగి చూశాను.

ఇడ్లీలు నాలుగు రూపాయికి. మా వైపు ఇడ్లీ మీద కారప్పొడి, నెయ్యి పడాలి. ఇక్కడ గిన్నెలో ఇడ్లీ వేసి అది మునిగేదాకా సాంబారు పోస్తారు. తింటుండగా రత్నం విషయం చెప్పింది. చివర చెరుకు రసం అతను ఊరికి వెళ్ళిపోయాడు, ఆ చోటు ఖాళీ. పైడమ్మ ఇస్తానంది. కాని ఆ వరసకో కట్టు ఉంది.

"ఒకలు వొండింది ఇంకొకలు వొండకూడదు," అంది పైడమ్మ, పళ్ళెం తుడుస్తూ. "ఒకల పొయ్యి మీద ఒకలు నీల్లు పొయ్యకూడదు గదా బాబూ. కొత్తగా వొచ్చినోలు ముందు మాకు పెట్టాల. తిని ఒక్కొక్కలం 'ఇది నాది గాదు' అనాల. ఒక్కలు అనకపోయినా బండి తోసుకెల్లిపోవాల. ఆదివారం పొద్దుటికి ఏటి వొండుతాదో సెప్పమన్నాను. మా మరదలు కూడా ఆ సోటు అడుగుతన్నాది."

రత్నం దోసె అనుకుంటే పెంకు నాది అన్నాడట పెసరట్టతను. గారె అనుకుంటే నూనె మూకుడు నాది అన్నాడట అప్పలరాజు.

నా జేబులో టికెట్లు వెచ్చగా అనిపించాయి. ఈ కట్టు నాకు దేవుడిచ్చిన వరం. నేను గొడవ పడక్కర్లేదు, కోపగించుకోక్కర్లేదు. ఇక్కడ అన్నీ ఉన్నాయి, నీకు చోటు లేదు అని తనకే అనిపిస్తే చాలు. పదిహేనేళ్ళుగా నేను చేస్తున్న పని అదే, కొనేవాళ్ళ మనసు ఎటు తిప్పాలో అటు తిప్పడం. ఆరు బళ్ళ దగ్గరా తిన్నాను. ఉప్మా బాగుందన్నాను, ఇది ఉండగా ఇంకేం పెడతారు అన్నాను. పూరీ కూర అమృతమన్నాను. నిజానికి ఆ కూరలో బంగాళాదుంప కంటే నీళ్ళెక్కువ. రత్నం తలూపింది.

వన్ టౌన్‌లో తనది ఒక్క గది. గుమ్మం బయట కొత్త బండి గోడకానించి ఉంది. మా బావతో పనిచేసినవాళ్ళు సెలవు రోజుల్లో చేసిచ్చారట. పడవలకు వేసే నీలం రంగు వేశారు. పక్కనే వంటింటి గట్టు మీద పొయ్యి చల్లగా ఉంది. "పొద్దున ఏం వండుకుంటావు?" అంటే, "ఏడు దాటాక ఏదో ఒకటి" అంది.

శుక్రవారం: చక్రాలు లేని వ్యాను

తెల్లారి మళ్ళీ గేటు దగ్గరికే వెళ్ళాం. అక్కడ సన్యాసి అని ఒకడు కలిశాడు. రాత్రి డ్యూటీ దిగినవాడే, మా బావ జట్టులో ఉండేవాడట. రత్నాన్ని చూసి "బాగున్నావా వొదినా" అని తల దించుకున్నాడు. ఆరు ఇడ్లీలు పెట్టించుకుని, సాంబారు పోయించుకుని, అయిదు వేళ్ళూ పెట్టి పిసికి ముద్దలు చేసి తింటున్నాడు.

"ఇడ్లీని అలా చంపకూడదు బాబూ," అన్నాను.

"ఏటి సేత్తాం బావా," అన్నాడు నోట్లో ముద్దతో. "ఎన్ని తిన్నా నిద్దరట్టదు. కడుపు టిఫిన్ తిన్నానంటాది. ఇంక లెగు, పనికెల్లు అంటాది."

నేను నవ్వి ఊరుకున్నాను. రత్నం నవ్వలేదు. వాడు చెయ్యి కడుక్కుని వెళ్ళేదాకా వాడి పళ్ళెం వంకే చూసింది.

తర్వాత సిటీ బస్సెక్కి గాజువాక వెళ్ళాం. ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్నారు కదా, దేశం దేశమంతా అక్కడ దిగినట్టుంది. కొత్త వంటకమేదైనా దొరుకుతుందని రత్నం ఆశ. ఒక ఒరియా అతను బండి మీద బఠాణీల కూరలో వడలు ముంచి ఇస్తున్నాడు. బాగుంది, నిజంగానే బాగుంది. కాని వడకి మళ్ళీ నూనె మూకుడు కావాలి, అప్పలరాజు ఒప్పుకోడు. ఆ మాట నేనే గుర్తుచేశాను.

రోడ్డు పక్క చక్రాలు పీకేసిన పాత వ్యాను ఒకటి ఇటుకల మీద నిలబడి ఉంది. దాని పక్కగోడ కోసి పైకెత్తి కర్రతో నిలబెట్టారు, అదే నీడ. లోపల డ్రైవరు సీటు ఉండాల్సిన చోట పొయ్యి. బీహారు నుంచి వచ్చిన లోహియా అనే పెద్దాయన రొట్టెలు కాలుస్తున్నాడు. అక్కడ తిన్న పళ్ళెం ఎవరిది వాళ్ళే బకెట్లో కడిగి బోర్లించాలి. మేస్త్రీ అయినా అంతే, ఇంజనీరైనా అంతే. తెనాలిలో తిన్న విస్తరాకు మడవడమే నేను చేసే పెద్ద పని. కడగబోయి బకెట్లో నీళ్ళు సగం నా పంచె మీదే పోసుకున్నాను. ఆయన నవ్వి, వచ్చీరాని తెలుగులో "కొత్త అల్లుడు" అన్నాడు.

రత్నం రొట్టె నేర్పమని అడిగింది. ఆయన పిండి ముద్ద చేతిలో పెట్టాడు. తను చేసిన మొదటి రొట్టె ఒక పక్క పలచన, ఒక పక్క మందం. రెండోది చిరిగింది. మూడోది ఆయన కాల్చి, ఎవరికీ అమ్మకుండా తనే తిన్నాడు. "చెయ్యి మంచిదే. కాని ఇది నీ చెయ్యి చేసే పని కాదు," అన్నాడు, కోపం లేకుండా. బస్సులో వస్తూ రత్నం గోళ్ళలో పిండి తీసుకుంటూ కూర్చుంది. ఓదార్చాలి కదా నేను. లోలోపల సంతోషించాను. ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది, అయినా రాస్తున్నాను.

శనివారం: ఇసుకలో

సముద్రాన్ని చూసింది ఆ ఒక్క సాయంత్రమే. ఎర్రమ్మ అనే జాలరి ఆమె ఇసుక అంచున బండి మీద చేపలు వేయిస్తోంది. భర్త తెల్లవారుజామున పడవ మీద తెచ్చినవాటిలో అమ్మగా మిగిలినవట. మా వైపు కాలవ చేప మెత్తన, ముల్లు తీసుకునే ఓపిక కావాలి. కవ్వళ్ళు అనే ఈ చిన్న సముద్రపు చేపల్ని తలా తోకా కరకరలాడేలా వేయిస్తుంది, ముల్లుతో సహా నమలడమే. "బేగి తినండి బాబూ, సల్లారితే సేప అలుగుతాది," అంది. పక్కనే మసాలా మురీలు. మనం మరమరాలు అంటాం, వాళ్ళు మురీలు అంటారు. నిమ్మకాయ పిండి కాగితంలో పోసి ఇస్తారు, పావలా.

"మా తెనాలిలో ఈ చేప దొరికితేనా!" అని నేను మొదలుపెట్టాను. "గేటు దగ్గర చేప పెట్టినా దీని ముందు ఆగదు రత్నం. ఎవరైనా ఇంత బాగా..."

"ఊరుకో అన్నయ్యా," అంది. "కొట్లో చీర విప్పేటప్పటి గొంతు అది. నాకు తెలీదా? గురువారం నుంచీ వింటున్నాను."

చేప పక్కన పెట్టేశాను. జేబులోంచి రెండు టికెట్లు తీసి ఇసుక మీద పెట్టాను. గాలికి ఎగరకుండా రత్నం వాటి మీద చెయ్యి పెట్టింది. తిట్టలేదు.

"నేనేం వండాలో నాకు మొదటి నుంచీ తెలుసు," అంది. "రైలు దిగగానే నువ్వడిగావు చూడు, అన్నం దొరకదా అని. ఆ గేటులోంచి వచ్చేవాళ్ళు రోజూ అడగాలనుకుని అడగనిది అదే. మనకి పొద్దున ఆరు, వాళ్ళకి రాత్రి. రాత్రిపూట ఇడ్లీ తిని ఎవరు నిద్రపోతారు? ఆయన నైటు డ్యూటీ వారం వస్తే నేను నాలుగింటికి లేచేదాన్ని. అన్నం, పప్పుచారు, నెత్తళ్ళ ఎండుచేపల వేపుడు. ఆరున్నరకల్లా వచ్చి, దుమ్ము కడుక్కుని, తిని, చెయ్యి తడి ఆరకముందే పడుకునేవారు. ఎనిమిదేళ్ళు."

"మరి పైడమ్మకి ఆ మాట చెప్పలేదేం?"

"నాలుగింటికి లేవాలంటే భయం అన్నయ్యా. ఆయన పోయాక ఏడు దాటనిదే పొయ్యి దగ్గరికి వెళ్ళలేదు. ఆ వేళకి మెలకువ వస్తుంది, కళ్ళు మూసుకుని పడుకుంటాను. లేచి వెలిగించానంటే, గుమ్మంలో చెప్పుల చప్పుడు వినపడాలి కదా. వినపడదు. ఇంకేదైనా వంటకం దొరికితే బాగుండునని నిన్ను కూడా తిప్పాను."

అక్కడ ఒక్క మాట అంటే చాలు. "ఎందుకమ్మా ఆ బాధ, ఇంటికి పోదాం పద." తను వచ్చేసేది. నా నాలుక చివరిదాకా వచ్చింది. ఎర్రమ్మ చేప తిరగేస్తున్న చప్పుడు వింటూ, దాన్ని మింగేశాను. పదిహేనేళ్ళలో ఒక బేరాన్ని చేతులారా వదులుకోవడం అదే మొదలు.

ఆదివారం: నాది కాదు

నాలుగింటికి మెలకువ వచ్చేసరికి రత్నం పొయ్యి ముందు కూర్చుని ఉంది. చేతిలో అగ్గిపెట్టె. వెలిగించడం లేదు. నేను నిద్ర నటించాను. చాలాసేపటికి పుల్ల గీసిన చప్పుడు. ఆరిపోయింది. రెండోదీ ఆరింది. మూడోది పట్టుకుంది. వెలుగులో తను గుమ్మం వైపు చూడటం కనిపించింది. అక్కడ మా బావ లేడు, నేను విప్పిన చెప్పులున్నాయి.

లేచి, "బియ్యం ఎక్కడున్నాయి?" అన్నాను.

పెళ్ళయ్యాక నేను బియ్యం కడగడం అదే మొదటిసారి. కడుగు నీళ్ళతో పాటు సగం గింజలు కాలవలో పోశానని తిట్టింది. ఆ తిట్టు వినగానే నాకు ప్రాణం లేచి వచ్చింది. ఆరు కాకముందే నీలం బండి మీద అన్నం డేగిసా, పప్పుచారు, నెత్తళ్ళ వేపుడు పెట్టుకుని ఇద్దరం తోసుకుంటూ వెళ్ళాం.

ఆరుగురూ చుట్టూ చేరారు. రత్నం ఆరు ఆకుల్లో కొంచెం కొంచెం పెట్టింది. టీ అతను తిని, "నాది గాదు" అన్నాడు. పూరీ, ఉప్మా, పెసరట్టు బళ్ళవాళ్ళు అదే మాట అన్నారు. అప్పలరాజు వేపుడు రెండుసార్లు పెట్టించుకుని మరీ, "నాది గాదు వొదినా" అన్నాడు. పైడమ్మ మిగిలింది.

ఆమె ముద్ద నోట్లో పెట్టుకుని ఆగింది. తన సాంబారుకి ఈ పప్పుచారు చెల్లెలి వరస అవుతుంది. పైగా రాత్రి డ్యూటీ దిగేవాళ్ళు తినేది తన ఇడ్లీలే. వాళ్ళు అన్నానికి తిరిగితే నష్టం తనకే. అది అక్కడున్న అందరికీ తెలుసు.

"ఇయన్నీ పిసుక్కుని ఎందుకు తింతారో ఇరవయ్యేల్లుగా నానెరగనా?" అంది పైడమ్మ, తన ఇడ్లీల వైపు చూపించి. "నాలుగింటికి లెగిసి అన్నం వొండే ఓపిక నాకు నేదు. అందుకే ఎరగనట్టున్నాను." ఆకు మడిచి పక్కన పెట్టింది. "ఇది నాది గాదు. నీదే, వొండుకో."

కూత కూసింది.

సన్యాసి ముందు పైడమ్మ బండి దగ్గరికే వెళ్ళాడు. ఆమె పళ్ళెం ఇవ్వలేదు, వేలితో చివరి బండి చూపించింది. వాడు వచ్చి అన్నం చూశాడు, రత్నాన్ని చూశాడు. రెండు రూపాయలకి ఆకు నిండా అన్నం. నిలబడి కాదు, గోడ పక్క గొంతుక్కూర్చుని, నెమ్మదిగా తిన్నాడు. వాణ్ణి చూసి ఇంకొకడు, తర్వాత అయిదారుగురు. బజారులో కాదు, ఇంట్లో తింటున్నట్టుంది.

సన్యాసి చెయ్యి కడుక్కుని, లేచి నిలబడి, పెద్దగా ఆవలించాడు. వాడి ఆవలింత పక్కవాడికి అంటుకుంది. ఎండ ఎక్కుతుంటే, హార్బరు గోడ వెంట ఎర్రటి మనుషులు ఒకరి తర్వాత ఒకరు ఆవలిస్తున్నారు.

"నిద్దరొత్తన్నాది వొదినా," అన్నాడు సన్యాసి. "ఎల్తన్నాను."

రత్నం "వెళ్ళు, పడుకో" అంది. అని, గబుక్కున అటు తిరిగి డేగిసా మూత సర్దింది. అది అప్పటికే సరిగ్గా ఉంది.

తిరుగు బండి

రాత్రి రైల్లో నా పక్క సీటు ఖాళీ. "ఎవరైనా వస్తారా?" అని ఒకాయన అడిగాడు. "రారు, కూర్చోండి" అన్నాను. రత్నం కట్టిచ్చిన అన్నం పొట్లం విప్పి తిన్నాను. పప్పుచారు కలిపిన అన్నం, మీద నాలుగు నెత్తళ్ళు. తిని కళ్ళు మూశాను. తెరిచేసరికి ఎండ మొహం మీద పడుతోంది, బండి చీరాలలో ఆగి ఉంది. తెనాలి ఎప్పుడో దాటిపోయింది. ఎదురు బండి పట్టుకుని ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం. మా ఆవిడ నా వెనక ఎవరూ లేకపోవడం చూసింది, నా మొహం చూసింది, చెంబుతో నీళ్ళు తెచ్చిచ్చింది. సున్నం వేయించిన గదిలో ఇప్పుడు కందిపప్పు బస్తాలున్నాయి.

ఒక్కటే చిక్కు. అక్కడి నుంచి వచ్చినప్పటి నుంచీ నాలుగింటికి నాకు మెలకువ వచ్చేస్తోంది. చీకట్లో పడుకుని, మూడు అగ్గిపుల్లలు గీసేంతసేపు ఆగుతాను. ఆ తర్వాత మళ్ళీ నిద్ర పట్టేస్తుంది. మొన్న మా ఆవిడ, "ఏమిటి, ఈ వేళప్పుడు లేచారు?" అని అడిగింది.

"నేను కాదు," అన్నాను. "చెల్లాయి లేచింది."